అమెరికా మహామైదాన నగరాల్లో జీవన నాణ్యత

అమెరికా సంయుక్త రాష్ట్రాల నడుమ, రాకీ పర్వతాల పాదాల నుంచి తూర్పున మిస్సోరీ నది దాకా, ఉత్తరాన కెనడా సరిహద్దు నుంచి దక్షిణాన టెక్సస్ దాకా పరుచుకున్న గడ్డిభూములను మహామైదానాలు అంటారు. ఇక్కడ నగరాలు తక్కువ, ఉన్నవి ఒకదానికొకటి చాలా దూరం. 2020 జనగణన ప్రకారం ఓక్లహోమా సిటీలో 6.81 లక్షల మంది, నెబ్రాస్కాలోని ఒమాహాలో 4.86 లక్షలు, ఓక్లహోమాలోని టల్సాలో 4.13 లక్షలు, కాన్సస్‌లోని విచిటాలో 3.98 లక్షలు, నెబ్రాస్కాలోని లింకన్‌లో 2.91 లక్షలు, టెక్సస్‌లోని లబక్‌లో 2.57 లక్షలు, అమరిల్లోలో 2 లక్షలు, దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్‌లో 1.93 లక్షలు, ఉత్తర డకోటాలోని ఫార్గోలో 1.26 లక్షల మంది నివసిస్తున్నారు. డెన్వర్, కాన్సస్ సిటీ ఈ భూభాగానికి పడమటి, తూర్పు అంచుల్లో ఉన్న పెద్ద నగరాలు. వాటి ఆర్థిక వ్యవస్థ, ఇళ్ల ధరలు వేరే తీరువి కాబట్టి పోలికల్లో వాటిని సాధారణంగా విడిగా చూస్తారు.

నివాసయోగ్యమైన నగరాల పేరుతో ఏటా వెలువడే జాబితాల్లో లింకన్, సూ ఫాల్స్, ఒమాహా, ఫార్గో తరచూ కనిపిస్తాయి. ఆ జాబితాలు ఆదాయం, ఇంటి ధర, నిరుద్యోగం, నేరాలు, పనికి వెళ్లే సమయం వంటి అంకెలను కలిపి ఒక వరుస తేలుస్తాయి. అందులో రెండు లోపాలున్నాయి. అవి నగరం మొత్తానికి సగటు లెక్క కడతాయి కాబట్టి ఒకే ఊళ్లో ఉత్తరపు వాడకూ దక్షిణపు వాడకూ ఉన్న తేడా కనబడదు. పైగా వడగళ్లు, సుడిగాలి, వరద, భూగర్భ జలం వంటి విషయాలు, అంటే ఈ ప్రాంతంలో బతుకును అసలు నిర్ణయించేవి, వాటి లెక్కలోకి రావు. మైదాన నగరాలన్నిటికీ చవక ఇల్లు, తక్కువ రద్దీ ఉమ్మడి సొత్తు. వాటి మధ్య అసలు తేడా ఉమ్మడి సొమ్మును ఏ నగరం దేనికి ఖర్చు పెట్టింది, ఎవరి వాడను వదిలేసింది అన్నచోట తేలుతుంది.

నగరాలు ఏర్పడిన తీరు

1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం, ఆ వెంటే వచ్చిన రైలు మార్గాలు ఈ నేలకు వలసదారులను తెచ్చాయి. అంతకుముందు ఇది లకోటా, పానీ, ఒమాహా, కామంచి తదితర ఆదివాసీ జాతుల నేల. వారిని సైనికబలంతోను, ఒప్పందాలతోను రిజర్వేషన్లకు నెట్టిన తరువాతే పట్టణాలు లేచాయి. 1854లో మిస్సోరీ ఒడ్డున పుట్టిన ఒమాహా రైల్వేకూ పశువుల సంతకూ కేంద్రమైంది. ఓక్లహోమా సిటీ 1889 ఏప్రిల్ 22న ఒక్క రోజులో వెలసింది. భూమి కోసం పరుగెత్తుకొచ్చిన జనం సాయంత్రానికి పది వేల దాకా గుడారాలు వేసుకున్నారు.

1930ల కరువు, దుమ్ము తుపానులు, ఆ తరువాత సేద్యంలోకి వచ్చిన యంత్రాలు పల్లెలను ఖాళీ చేశాయి. చాలా కౌంటీల్లో జనాభా 1930కి ముందే తారస్థాయికి చేరి, ఆ పైన తగ్గుతూ వచ్చింది. 1987లో ఫ్రాంక్, డెబొరా పాపర్ అనే పరిశోధకులు ఎండిన మైదానాల్లో విశాల భాగాన్ని మళ్లీ గడ్డికీ అడవిదున్నలకూ వదిలేయాలని ప్రతిపాదించినప్పుడు అక్కడి రైతులు తీవ్రంగా నొచ్చుకున్నారు. అయితే పల్లెలు విడిచిన జనంలో చాలామంది ప్రాంతం విడిచిపోలేదు, దగ్గరి నగరానికి చేరారు. సూ ఫాల్స్, ఫార్గో ఆ విధంగానే పెరిగాయి. రెండు మూడు వందల కిలోమీటర్ల దూరం నుంచి రైతు కుటుంబాలు పెద్దాసుపత్రికీ, ట్రాక్టరు విడిభాగాలకూ, పెళ్లి బట్టలకూ ఇక్కడికే వస్తాయి. 2020లో రెండు లక్షలైనా లేని సూ ఫాల్స్‌లో శాన్‌ఫర్డ్, అవేరా అనే రెండు పెద్ద వైద్య వ్యవస్థల ప్రధాన కార్యాలయాలు ఉండటానికి కారణం ఈ విస్తారమైన వెనుక ప్రాంతమే. జనాభాకు మించిన సౌకర్యాలు మైదాన నగరవాసికి దక్కే మొదటి లాభం.

ఇల్లు, పన్నులు, బీమా

విచిటా, టల్సా, ఓక్లహోమా సిటీ, లబక్, అమరిల్లోలలో ఇంటి ధర దేశపు మధ్యస్థ ధర కంటే గణనీయంగా తక్కువ. ఉత్తరాన సూ ఫాల్స్, లింకన్, ఫార్గోలలో జనం పెరిగే కొద్దీ ఆ తేడా తగ్గిపోతోంది. ఒక నర్సు, ఒక బడిపంతులు కలిసి సంపాదిస్తే పెరడున్న సొంత ఇల్లు కొనుక్కోగలగడం తీరప్రాంత మహానగరాల్లో అరుదు. ఇక్కడ అది నిన్నమొన్నటి దాకా మామూలు సంగతి.

పన్నుల లెక్క మాత్రం రాష్ట్రానికొక తీరు. దక్షిణ డకోటా, టెక్సస్ వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్ర పన్ను వేయవు. ఆ లోటును టెక్సస్ ఆస్తి పన్నుతో పూడ్చుకుంటుంది. దక్షిణ డకోటా అమ్మకపు పన్నును నమ్ముకుంది, బియ్యం, పాలు, గుడ్ల మీద కూడా ఆ పన్ను వసూలు చేస్తుంది. తిండికే ఆదాయంలో ఎక్కువ భాగం పోయే పేద కుటుంబానికి ఆదాయపు పన్ను లేకపోవడం కంటే ఈ భారమే పెద్దది. ఓక్లహోమా 2024 ఆగస్టులో, కాన్సస్ 2025 జనవరిలో ఆహార పదార్థాలపై రాష్ట్ర పన్నును ఎత్తివేశాయి. నగరాలు, కౌంటీలు వేసే పన్ను మాత్రం అలాగే ఉంది. నెబ్రాస్కాలో ఆస్తి పన్ను ఎక్కువ. దాని మీద ప్రతి శాసనసభ సమావేశంలోనూ వాదులాట తప్పదు. అదే నెబ్రాస్కాలో విద్యుత్తు పంపిణీ మొత్తం ప్రజల యాజమాన్యంలోని సంస్థల చేతిలో ఉంది. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇలా లేదు.

చవక ఇంటి వెనుక ఉండే పెద్ద ఖర్చు బీమా. ఓక్లహోమా, కాన్సస్, నెబ్రాస్కాలలో గృహబీమా ప్రీమియం దేశంలోనే అత్యధిక స్థాయిల్లో ఉంది. నిమ్మకాయంత వడగళ్లు పడితే ఒక్క సాయంత్రంలో వీధివీధంతా ఇళ్ల కప్పులు మార్చాల్సి వస్తుంది. ఇంటి అప్పు వాయిదాతో పాటు బీమా, ఆస్తి పన్ను, శీతకాలపు గ్యాసు బిల్లు కలిపి చూస్తేనే ఈ నగరాల మధ్య నిజమైన పోలిక కుదురుతుంది. కేవలం ఇంటి ధరతో చేసే పోలిక దక్షిణ నగరాలకు అనవసరమైన మెప్పు తెచ్చిపెడుతుంది.

పని

ఒమాహా ఆర్థిక పునాది వెడల్పైనది. యూనియన్ పసిఫిక్ రైల్వే, వారెన్ బఫెట్ నిర్మించిన బెర్క్‌షైర్ హాత్‌వే, మ్యూచువల్ ఆఫ్ ఒమాహా బీమా సంస్థ, నిర్మాణ రంగంలోని కీవిట్ ఇక్కడివే. 1955 నాటికి షికాగోను దాటి ప్రపంచంలోనే పెద్దదైన ఒమాహా పశువుల సంత 1999లో మూతపడినా నగరం కుంగలేదు. ఒక రంగం పోతే ఇంకొకటి ఆదుకుంది.

విచిటా చరిత్ర ఇందుకు భిన్నం. సెస్నా, బీచ్‌క్రాఫ్ట్, లియర్‌జెట్ విమానాలు తయారైన ఈ ఊరిని ప్రపంచ విమాన రాజధాని అంటారు. విమాన కార్మికుడికి మంచి జీతం, యూనియన్ రక్షణ, పింఛను ఉండేవి. కానీ ఒక్క పరిశ్రమ మీద నిలిచిన ఊరు ఆ పరిశ్రమతో పాటే ఎగుడుదిగుళ్లు పడుతుంది. 2008 తరువాతి మాంద్యంలో వేల ఉద్యోగాలు పోయాయి. 2014 నాటికి బోయింగ్ తన విచిటా కర్మాగారాన్ని మూసేసింది. బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల ఉత్పత్తి ఆగినప్పుడు, వాటి భాగాలు తయారుచేసే స్పిరిట్ ఏరోసిస్టమ్స్ 2020 జనవరిలో ఒక్కసారిగా 2,800 మందిని తొలగించింది. లియర్‌జెట్ తయారీ 2022లో ఆగిపోయింది. విచిటాలో ఇళ్లు అంత చవకగా ఉండటానికి ఈ అనిశ్చితి కూడా ఒక కారణం.

సూ ఫాల్స్ మలుపు ఒక చట్టంతో వచ్చింది. వడ్డీరేట్లపై ఉన్న గరిష్ఠ పరిమితిని దక్షిణ డకోటా 1980లో తొలగించింది, 1981లో సిటీబ్యాంక్ తన క్రెడిట్ కార్డు వ్యాపారాన్ని న్యూయార్క్ నుంచి అక్కడికి మార్చింది. మాంసం కర్మాగారం మీద ఆధారపడిన ఊరికి కార్యాలయ ఉద్యోగాలు వచ్చాయి. దేశమంతటా కార్డు అప్పుల వాళ్లు కట్టిన అధిక వడ్డీయే ఆ జీతాలకు మూలమన్నది ఈ విజయగాథలో సాధారణంగా చెప్పని భాగం. ఫార్గోకు సాఫ్ట్‌వేర్ కలిసొచ్చింది. అక్కడ పుట్టిన గ్రేట్ ప్లెయిన్స్ సాఫ్ట్‌వేర్ సంస్థను 2001లో మైక్రోసాఫ్ట్ కొని, అక్కడే పెద్ద ప్రాంగణంగా నిలబెట్టింది. హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌కు అధిపతి కాకముందు పనిచేసిన వ్యాపార సాఫ్ట్‌వేర్ విభాగానికి ఈ ఫార్గో ప్రాంగణం ముఖ్య స్థావరం.

లింకన్‌లో రాష్ట్ర ప్రభుత్వం, విశ్వవిద్యాలయం నిలకడైన ఉద్యోగాలిస్తాయి. లబక్‌లో టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయం, పత్తి వ్యాపారం ఉన్నాయి. ఓక్లహోమా సిటీ, టల్సా చమురు ధరను బట్టి ఊగుతూ వచ్చాయి, 1980ల పతనం నుంచి కోలుకోవడానికి వాటికి ఇరవయ్యేళ్లు పట్టింది.

గాలి, మంచు, వరద

ఈ నగరాల్లో ఏడాది పొడవునా గాలి వీస్తుంది. అమరిల్లోలో దాని సగటు వేగం గంటకు 20 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఫార్గోలో జనవరి రాత్రులు సగటున సున్నాకు 17, 18 డిగ్రీల సెల్సియస్ దిగువకు పోతాయి. ఆ చలికి గాలి తోడైతే బయట పెట్టిన చర్మం నిమిషాల్లో గడ్డకడుతుంది. ఓక్లహోమా సిటీలో శీతకాలం తేలిక, కాని జూలై మధ్యాహ్నాలు 34 డిగ్రీలు దాటుతుంటాయి. ఉత్తరాది నగరం నవంబరు నుంచి మార్చి దాకా ఇంటిలోపలి జీవితానికి అలవాటు పడింది. గ్రంథాలయాలు, ఐస్ హాకీ ప్రాంగణాలు, చర్చి భోజనశాలలు అక్కడ జనం కలుసుకునే చోట్లు. ఎక్కువ ఖర్చు పెట్టి వాటిని నడపడం అక్కడ ఆడంబరం కిందికి రాదు, ఒంటరితనానికి అదే మందు.

సుడిగాలుల నుంచి రక్షణలోనూ ఉత్తర దక్షిణాలకు తేడా ఉంది. నెబ్రాస్కా, డకోటాలలో నేల లోతుగా గడ్డకడుతుంది కాబట్టి పునాది ఎలాగూ లోతుగా తీయాలి. ఆ లోతులోనే నేలమాళిగ వస్తుంది, సుడిగాలి సైరన్ మోగితే కుటుంబం అందులోకి దిగుతుంది. ఓక్లహోమాలో నేల అంత లోతుకు గడ్డకట్టదు, పైగా ఎర్ర బంకమట్టి కదులుతూ గోడలను నెట్టేస్తుంది. అందువల్ల సుడిగాలులు అంత తీవ్రంగా వచ్చే చోటే నేలమాళిగలు తక్కువ. ఓక్లహోమా సిటీ పక్కనున్న మూర్ పట్టణాన్ని 1999 మే 3న తాకిన సుడిగాలిలో గంటకు 480 కిలోమీటర్లకు పైబడిన వేగం రాడారులో నమోదైంది. దాని దారిలో 36 మంది చనిపోయారు. 2013 మే 20న అదే పట్టణంలో 24 మంది మరణించారు. వారిలో ఏడుగురు ప్లాజా టవర్స్ ప్రాథమిక పాఠశాల పిల్లలు. ఆ బడిలో ఆశ్రయ గది లేదు. మరుసటి ఏడాది మూర్ గంటకు 217 కిలోమీటర్ల గాలికి తట్టుకునేలా ఇళ్లు కట్టాలన్న నియమం తెచ్చింది. అమెరికాలో సుడిగాలిని లెక్కలోకి తీసుకున్న తొలి గృహనిర్మాణ నిబంధన అదే. బడుల్లో ఆశ్రయ గదులకు డబ్బు ఎవరు పెట్టాలన్న విషయంలో రాష్ట్రం ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోవడం బాధాకరం. తుపానులను ముందుగా పసిగట్టే జాతీయ కేంద్రం అదే ప్రాంతంలోని నార్మన్‌లో ఉంది. హెచ్చరిక ముందుగా వస్తుంది, దాక్కునే చోటే అందరికీ లేదు.

లబక్‌లో 1970 మే 11న 26 మందిని బలిగొన్న సుడిగాలి టెక్సస్ టెక్‌లో గాలి శాస్త్ర పరిశోధనకు నాంది పలికింది. ఓక్లహోమాలో మనిషి తెచ్చిపెట్టుకున్న ముప్పు ఒకటి చేరింది. చమురు బావుల నుంచి వచ్చిన ఉప్పు నీటిని లోతైన పొరల్లోకి ఎక్కించడం వల్ల భూకంపాలు పెరిగాయి. అంతకుముందు ఏడాదికి ఒకటి రెండుకు మించని, తీవ్రత 3 దాటిన కంపాలు 2015లో 900 దాకా వచ్చాయి. 2016లో పానీ పట్టణం దగ్గర 5.8 తీవ్రతతో కంపించింది. నీటి ఎక్కింపుపై ఆంక్షలు పెట్టాక అవి తగ్గాయి.

వరద విషయంలో మైదాన నగరాలు నేర్చుకున్నంతగా అమెరికాలో తక్కువ నగరాలు నేర్చుకున్నాయి. 1972 జూన్ 9 రాత్రి దక్షిణ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో వాగు పొంగి 238 మంది చనిపోయారు. నగరం ఆ వాగు ఒడ్డున మళ్లీ ఇళ్లు కట్టనివ్వకుండా పొడవైన పార్కుగా మార్చింది. టల్సాలో 1984 మే వరద 14 మందిని బలిగొంది. నగరం పల్లపు ఇళ్లను కొనేసి, వాన నీటి నిర్వహణకు ప్రతి ఇంటి నీటి బిల్లులో రుసుము చేర్చింది. వరద బీమాలో దేశంలోనే మెరుగైన రాయితీలు పొందే నగరాల్లో టల్సా ఒకటి కావడం ఆ రుసుము ఫలితమే.

ఫార్గో కష్టం నది దిశలో ఉంది. రెడ్ నది ఉత్తరానికి పారుతుంది. వసంతంలో దక్షిణాన మంచు ముందు కరుగుతుంది, ఉత్తరాన నది ఇంకా గడ్డకట్టి ఉంటుంది. పూర్వకాలపు మహా సరస్సు అడుగున ఏర్పడ్డ నేల కాబట్టి వాలు లేదు, నీరు పక్కలకు పరుచుకుంటుంది. 1997లో నీటి మట్టం పెరగడం ఆగక అదే నది ఒడ్డునున్న గ్రాండ్ ఫోర్క్స్ నగరం దాదాపు మొత్తం ఖాళీ అయింది, నీళ్ల నడుమే నగర మధ్యభాగం అగ్నికి ఆహుతైంది. 2009లో ఫార్గో దగ్గర నది 40.84 అడుగుల రికార్డు మట్టానికి చేరింది. విద్యార్థులు, ఉద్యోగులు, ముసలివాళ్లు రాత్రింబవళ్లు లక్షల కొద్దీ ఇసుక బస్తాలు నింపి ఊరిని కాపాడుకున్నారు. ఆ అనుభవంతో దాదాపు 48 కిలోమీటర్ల మళ్లింపు కాలువ చేపట్టారు. ఇలాంటి సమష్టి శక్తిని ఏ జాబితా అంకెల్లోకి మార్చలేదు గాని, ఫార్గోలో ఉండేవారు ఊరి గురించి మొదట చెప్పేది దీన్నే.

నీరు

సగటున ఏడాదికి టల్సాలో వంద సెంటీమీటర్లకు పైగా, ఒమాహాలో 78 సెంటీమీటర్ల దరిదాపు, లబక్‌లో 48 సెంటీమీటర్ల వాన పడుతుంది. వందో రేఖాంశం దాటి పడమటికి పోతే నీటి పారుదల లేనిదే వ్యవసాయం నిలవదని భూగర్భ శాస్త్రవేత్త జాన్ వెస్లీ పావెల్ 1878లోనే తన నివేదికలో హెచ్చరించాడు. ఆ లోటును 20వ శతాబ్దంలో ఒగలాలా భూగర్భ జలాశయం తీర్చింది. ఎనిమిది రాష్ట్రాల కింద దాదాపు నాలుగున్నర లక్షల చదరపు కిలోమీటర్లలో పరుచుకున్న ఆ జలం టెక్సస్ ఉత్తర భాగంలోనూ పశ్చిమ కాన్సస్‌లోనూ వేగంగా తగ్గిపోతోంది, వానతో తిరిగి నిండేది చాలా తక్కువ. లబక్, అమరిల్లో రెండూ వాడుకున్న మెరిడిత్ జలాశయం 2011 కరువులో నీరివ్వలేని స్థితికి ఎండింది. ఆ రెండు నగరాలూ మళ్లీ బోర్ల మీదికి, దూరపు జలాశయాల మీదికి పోవాల్సి వచ్చింది.

మిస్సోరీ నదికి ఆనుకున్న ఒమాహాకు ఆ దిగులు లేదు. సూ ఫాల్స్ తన చిన్న నది, బావులు చాలవని ముందుగా గ్రహించి, చుట్టుపక్కల పట్టణాలతో కలిసి లూయిస్ అండ్ క్లార్క్ పథకం ద్వారా మిస్సోరీ నీటిని గొట్టాల్లో తెచ్చుకుంది. లింకన్ ఇప్పటిదాకా ప్లాట్ నది ఒడ్డు బావులను నమ్ముకుని, ఇప్పుడు మిస్సోరీ వైపు చూస్తోంది. విచిటాకు చెనీ జలాశయం, ఈక్వస్ బెడ్స్ భూగర్భ జలం రెండు ఆధారాలు. రాబోయే యాభై ఏళ్ల జీవన నాణ్యతను అంచనా కట్టాల్సి వస్తే ఈ ఒక్క విషయంలోనే ఒమాహా, సూ ఫాల్స్ దక్షిణ మైదాన నగరాల కంటే ఎంతో ముందున్నాయి.

దూరాలు

పనికి వెళ్లడానికి పట్టే సగటు సమయం ఈ నగరాల్లో 16 నుంచి 21 నిమిషాలు. దేశపు సగటు 26, 27 నిమిషాలు. మిగిలిన ఆ సమయం పిల్లలతో గడపడానికీ వంటకీ దొరుకుతుంది. కారు ఉన్నవారికి ఈ మాట నిజం. కారు లేనివారికి ఇవే నగరాలు దుర్గమాలు. ఓక్లహోమా సిటీ విస్తీర్ణం సుమారు 1,570 చదరపు కిలోమీటర్లు, చదరపు కిలోమీటరుకు 430 మంది. ఒమాహాలో ఆ సంఖ్య 1,300 పైచిలుకు. పలుచగా పరచుకున్న ఊరికి రోడ్లు, మురుగు కాలువలు, బస్సులు మనిషికి ఎక్కువ ఖర్చవుతాయి, అందువల్ల బస్సులు అరగంటకో గంటకో ఒకటి నడుస్తాయి. ఒమాహా 2020లో డాడ్జ్ వీధి వెంట వేగవంతమైన బస్సు మార్గం ప్రారంభించింది. ఓక్లహోమా సిటీలో 2018 నుంచి నగర మధ్యంలో ట్రామ్ నడుస్తోంది.

రైలు సౌకర్యం నామమాత్రం. దక్షిణ డకోటాలో ప్రయాణికుల రైలే లేదు. విచిటా వాసులు రైలెక్కాలంటే న్యూటన్ పోవాలి. ఒమాహా, లింకన్, ఫార్గోల మీదుగా రైళ్లు రాత్రివేళ పోతాయి. ఓక్లహోమా సిటీకి 1999 నుంచి ఫోర్ట్ వర్త్ దాకా రోజుకొక రైలుంది. విదేశీ ప్రయాణానికి సాధారణంగా షికాగో, డాలస్, డెన్వర్ లాంటి చోట విమానం మారాల్సి వస్తుంది.

వైద్యం, చదువు

ఒమాహాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం 2014లో ఎబోలా రోగులకు చికిత్స చేసిన అతి కొద్ది అమెరికా ఆసుపత్రుల్లో ఒకటి. ఆసుపత్రి ఎంత గొప్పదైనా లోపలికి అడుగు పెట్టడానికి బీమా కావాలి. పేదలకు ప్రభుత్వమిచ్చే మెడికెయిడ్ బీమాను ఉత్తర డకోటా 2014లోనే విస్తరించింది. నెబ్రాస్కా, ఓక్లహోమా, దక్షిణ డకోటాలలో నాయకులు వద్దన్నా ఓటర్లే ప్రజాభిప్రాయ సేకరణలో విస్తరింపజేశారు. కాన్సస్, టెక్సస్ ఇంకా విస్తరించలేదు. తక్కువ జీతపు కూలి విచిటాలో ఉండటానికీ ఒమాహాలో ఉండటానికీ మధ్య ఇది చావుబతుకుల తేడా కావచ్చు.

చదువులో నెబ్రాస్కా, డకోటా నగరాలకు మంచి పేరుంది. ఓక్లహోమాలో జీతాలు చాలక ఉపాధ్యాయులు పొరుగు టెక్సస్‌కు తరలిపోయేవారు. 2018 ఏప్రిల్‌లో వేలాది మంది దాదాపు రెండు వారాలు పాఠాలు మాని రాష్ట్ర శాసనసభ ముందు నిలిచారు. లింకన్‌లో విశ్వవిద్యాలయమే ఊరి ఊపిరి. అక్కడి ఫుట్‌బాల్ స్టేడియం టికెట్లు 1962 నుంచి ప్రతి ఆటకూ అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఓక్లహోమా సిటీ ప్రయోగం

1991లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మరమ్మతు కేంద్రానికి ఓక్లహోమా సిటీ ఇచ్చిన రాయితీలన్నీ కాదని ఇండియానపొలిస్‌ను ఎంచుకుంది. తమ ఉద్యోగులు ఈ ఊళ్లో ఉండటానికి ఇష్టపడరన్నది నగర నాయకుల చెవిన పడ్డ కారణం. కంపెనీలకు రాయితీలివ్వడం కంటే ఊరిని బాగుచేసుకోవడం మేలన్న ఆలోచన అక్కడ మొదలైంది. 1993 డిసెంబరులో ఓటర్లు అయిదేళ్ల పాటు అదనంగా ఒక శాతం అమ్మకపు పన్ను కట్టుకోవడానికి ఒప్పుకున్నారు. మ్యాప్స్ అని పిలిచే ఆ పథకం కింద అప్పు చేయకుండా బేస్‌బాల్ మైదానం, బ్రిక్‌టౌన్ కాలువ, గ్రంథాలయం, క్రీడా ప్రాంగణం వచ్చాయి, ఎండిన నదిలో నీరు నిలిచింది. మధ్యలో, 1995 ఏప్రిల్ 19న, ఫెడరల్ భవనంపై బాంబు దాడిలో 168 మంది మరణించారు. ఆ దుఃఖంలోనూ పనులు ఆగలేదు. తరువాతి విడతలు బడులకు, పార్కులకు, వృద్ధుల ఆరోగ్య కేంద్రాలకు సాగాయి. 2019లో ఓటర్లు ఆమోదించిన నాలుగో విడతలో మానసిక ఆరోగ్యం, నిలువ నీడలేని వారి గృహవసతికి కూడా పెద్ద వాటా పెట్టారు.

ఓక్లహోమా చట్టం ప్రకారం నగరాలు రోజువారీ ఖర్చులకు ఆస్తి పన్ను వాడరాదు, అమ్మకపు పన్నే ప్రధాన ఆధారం. అందువల్ల ఈ అభివృద్ధికి సరుకులు కొనే పేదవాడూ చెల్లించాడు. తొలి విడతల్లో ప్రతిఫలం ఎక్కువగా నగర మధ్యభాగానికే చేరింది. ఆ అసమతూకాన్ని నాలుగో విడత కొంత సరిదిద్దింది. అయినా మైదాన నగరాల్లో ఇంత నిలకడగా తమ మీద తాము పన్ను వేసుకున్న నగరం ఇంకొకటి లేదు. పొరుగున టల్సా వేరే దారి పట్టింది. ఆర్కాన్సా నది ఒడ్డున 2018లో తెరచిన గ్యాదరింగ్ ప్లేస్ పార్కు ప్రధానంగా జార్జ్ కైజర్ ఫౌండేషన్ సొమ్ముతో కట్టినది. ఇంటి నుంచి పనిచేసేవారు టల్సాకు వచ్చి స్థిరపడితే పది వేల డాలర్లిచ్చే పథకమూ ఆ సంస్థదే. పార్కు అందమైనదే, అందరికీ ఉచితమే. కాకపోతే ఊరికి ఏం కావాలో ఓటరు కాక దాత నిర్ణయించాడు.

ఒక నగరంలో రెండు జీవితాలు

టల్సాలోని గ్రీన్‌వుడ్ సంపన్నమైన నల్లజాతి వాడ. 1921 మే 31, జూన్ 1 తేదీల్లో శ్వేతజాతి మూకలు సుమారు 35 వీధి సముదాయాలను తగలబెట్టాయి. మృతుల సంఖ్య 300 దాకా ఉండవచ్చని చరిత్రకారుల అంచనా. బాధితులు తమంతట తామే తిరిగి కట్టుకున్న ఆ వాడను తరువాతి దశాబ్దాల్లో రహదారి రెండుగా చీల్చింది. 2000ల తొలినాళ్లలో ఉత్తర టల్సాలోని ఒక పిన్‌కోడుకూ దక్షిణ టల్సాలోని మరో పిన్‌కోడుకూ మధ్య ఆయుర్దాయంలో దాదాపు 14 ఏళ్ల తేడా ఉండేది. క్లినిక్కులు పెరిగాక అది కొంత తగ్గింది. ఉత్తర టల్సాకు తాజా కూరగాయలమ్మే పెద్ద దుకాణం మళ్లీ రావడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది.

ఒమాహా కథ మట్టిలో ఉంది. నది ఒడ్డున వందేళ్లకు పైగా నడిచి 1997లో మూతపడిన సీసం శుద్ధి కర్మాగారపు పొగ తూర్పు ఒమాహా పెరళ్ల మీద పేరుకుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. 2003లో ఫెడరల్ పర్యావరణ సంస్థ ఆ ప్రాంతాన్ని శుద్ధి జాబితాలో చేర్చి, పదమూడు వేలకు పైగా ఇళ్ల పెరళ్లలో మట్టి తవ్వి కొత్త మట్టి పోయించింది. అమెరికాలో నివాస ప్రాంతపు సీసం శుద్ధిలో ఇదే పెద్దది. బెర్క్‌షైర్ వాటాదారులు ఏటా తరలివచ్చే ఊరిలో, నల్లజాతి, లాటినో కుటుంబాల పిల్లలు ఆడుకున్న నేల విషమై ఉండటం ఆ ఊరి సగటు ఆదాయపు అంకెలో ఎక్కడా కనబడదు. విచిటాలోనూ ఓక్లహోమా సిటీలోనూ 1958లోనే నల్లజాతి యువత మందుల దుకాణాల భోజన బల్లల వద్ద బైఠాయించి జాతి వేర్పాటును ఓడించింది. ప్రసిద్ధికెక్కిన గ్రీన్స్‌బరో నిరసనకు అది సుమారు ఏడాదిన్నర ముందు. బల్ల దగ్గర చోటు దొరికినా ఇళ్ల వాడల్లో గీత మిగిలిపోయింది. ర్యాపిడ్ సిటీలో ఉత్తర వాడల్లో ఉండే లకోటా కుటుంబాలకూ, పర్యాటకంతో బతికే మిగతా ఊరికీ మధ్య దూరం అలాంటిదే.

వలసదారులు

మైదాన నగరాలు ఏకరూపమైనవన్న అభిప్రాయం పాతబడింది. ఫార్గోలో బోస్నియా, సోమాలియా, భూటాన్ నుంచి వచ్చిన శరణార్థులున్నారు. ఒమాహాలో దక్షిణ సూడాన్ కుటుంబాలు, మయన్మార్‌కు చెందిన కరెన్ కుటుంబాలు, లింకన్‌లో ఇరాక్ నుంచి వచ్చిన యజిదీల సమూహం, అమెరికాలోకెల్లా పెద్దది, ఉన్నాయి. వీరిలో చాలామందికి తొలి పని మాంసం కర్మాగారంలోనే. 2020 వసంతంలో సూ ఫాల్స్‌లోని స్మిత్‌ఫీల్డ్ పంది మాంసం కర్మాగారంలో కరోనా వెయ్యి మందికి పైగా కార్మికులకు సోకింది. అక్కడ దాదాపు నలభై భాషలు మాట్లాడేవారు పనిచేస్తున్నారని అప్పుడే దేశానికి తెలిసింది. ఉత్తమ నగరాల జాబితాలో ఊరికి చోటు తెచ్చే తక్కువ నిరుద్యోగం వెనుక చల్లని గదుల్లో కత్తి పట్టి నిలబడే ఈ శ్రమ ఉంది.

తెలుగువారు ఎక్కువగా విశ్వవిద్యాలయాల ద్వారా, సాఫ్ట్‌వేర్, వైద్య ఉద్యోగాల ద్వారా ఇక్కడికి చేరారు. విచిటా స్టేట్, ఓక్లహోమా స్టేట్, టెక్సస్ టెక్, ఒమాహాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తెలుగు విద్యార్థులకు పరిచితమైన పేర్లు. ఒమాహాలో హిందూ దేవాలయం ఉంది. ఫీజు, అద్దె తక్కువ కావడం వారికి పెద్ద ఆకర్షణ. బస్సు సరిగా లేని ఊళ్లో కారు కొనేదాకా తోటి విద్యార్థుల మీద ఆధారపడటం, తొలి శీతకాలం మొదటి ఇబ్బందులు. మైదానాల తూర్పు అంచున, కాన్సస్ సిటీ శివారైన ఒలేథాలో 2017 ఫిబ్రవరి 22న జాతి విద్వేషంతో ఒకడు జరిపిన కాల్పుల్లో తెలుగు ఇంజనీరు ఒకరు మరణించారు, ఆయన మిత్రుడు గాయపడ్డారు. దుండగుణ్ణి ఆపబోయిన స్థానికుడికీ తూటా తగిలింది. ఆ స్థానికుడు కోలుకున్నాడు. దోషికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది. కాన్సస్ రాష్ట్రం 2017 మార్చి 16ను భారతీయ అమెరికన్ల గౌరవ దినంగా ప్రకటించింది.